పిట్ట ముట్టని పొద్దు

ఆ ముసలాయన మా గదికి వచ్చిన రోజు అతని పెట్టెను కింది నుంచి పైదాకా మోసింది నేనే. అరవై దగ్గరపడిన మనిషి, బక్కగా ఉన్నాడు, రెండు మెట్లెక్కి ఒకసారి ఆగుతున్నాడు. మా దిక్కు మనిషేనట, జగిత్యాల అవతల ఏదో ఊరట, ఈ వయసులో సౌదీకి, ఈ హుఫూఫ్ ఖర్జూరపు తోటల్లో పనికి వచ్చాడట అని గదిలో అందరూ అయ్యో అన్నారు. నేను నా చాయ్‌లో సగం అతనికి పోసిచ్చాను. ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఆ సాయంత్రం తిండికి కూర్చున్నాం. కుబ్బూస్ రొట్టెలు పంచే పని అతనే మీదేసుకున్నాడు. కవరు విప్పి ఒక్కొక్క రొట్టే పళ్లెంలో వేస్తూ "లాభం, రెండు, మూడు" అని లెక్కపెట్టాడు. మా దిక్కు వడ్లు కొలిచినా, ఇటుకలు లెక్కపెట్టినా ఒకటి అనరు, లాభం అనే మొదలుపెడతారు. అందులో వింతేమీ లేదు. కానీ ఆ మాటను సాగదీసే తీరు, ప్రతి అంకెకూ వేలితో తొడ మీద కొట్టుకునే అలవాటు చూశాక నా చేతిలో రొట్టె ముక్క చేతిలోనే ఉండిపోయింది. ముఖం వైపు చూశాను. ముసలితనం కింద పాత ముఖం అట్లాగే ఉంది. ఇతను మా ఇటుక బట్టీ మేస్త్రీ.

బట్టీ అంటే చెప్పాలి. నేనప్పుడు బడికి పోవలసిన వయసులో ఉన్నాను. చెల్లె ఇంకా చిన్నది, పాలపళ్లు ఊడుతున్నాయి. మా నాయన బట్టీ యజమాని దగ్గర ముందుగా పైకం తీసుకున్నాడు. అది తీరేదాకా ఇంటిల్లిపాదీ అక్కడే ఉండి పనిచేయాలి. అది తీరేది కాదు, తీరనిచ్చేవాళ్లూ కాదు. యజమాని ఎప్పుడో నెలకోసారి కనిపించేవాడు. మా తిండి, మా నిద్ర, మేం నీళ్లు తాగడానికి లేవడం, అన్నీ మేస్త్రీ చేతుల్లో ఉండేవి.

పచ్చి ఇటుకలు ఆరాలంటే వాటిని మధ్యమధ్య తిప్పి పెట్టాలి. పెద్దవాళ్లు ఆ వరసల మీద అడుగు పెడితే ఇటుక కుంగిపోతుంది, పిల్లల బరువైతే ఓర్చుకుంటుంది. అందుకని అది పిల్లల పని. సరిగ్గా తిండిలేక తేలికగా ఉన్న పిల్లలంటే మేస్త్రీకి మరీ ఇష్టం. మా చెల్లె ఆ వరసల మీద కుప్పిగంతులు వేసినా ఒక్క ఇటుకకు మచ్చ పడేది కాదు. పని చేస్తూనే పాటలు కట్టేది, అర్థం పర్థం లేని పాటలు. తన వంతు జొన్న గటకలో సగం కుక్కపిల్లకు పెట్టి, నాకు ఆకలైతలేదు అని అబద్ధం చెప్పేది.

ఒకనాడు ఎక్కడినుంచో మేకపిల్ల ఒకటి వరసల్లోకి దూరింది. దాన్ని తరమబోయి చెల్లె జారిపడింది, కింద ఇటుకలు చితికిపోయాయి. మేస్త్రీ వచ్చాడు. తిట్టలేదు, కొట్టలేదు. రెక్క పట్టుకుని తీసుకుపోయి, కాలుతున్న బట్టీ మీదికి ఎక్కించి నిలబెట్టాడు. కింద నిప్పు, పైన పలచగా మట్టి, దాని మీద ఉత్తకాళ్లతో నా చెల్లె. మా అమ్మ అతని కాళ్లు పట్టుకుంది. నాయన దండం పెట్టాడు. "దించితె రేపు గూడ నిలవెడత," అన్నాడు మేస్త్రీ. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా దిగనివ్వలేదు. నేను ఏడిస్తే ఇంకాసేపు ఉంచుతాడని భయపడి, అంగీ నోట్లో కుక్కుకుని కింద నిలబడి చూశాను.

అరికాళ్లు బొబ్బలెక్కి, పగిలి, చీము పట్టాయి. తర్వాత జ్వరం వచ్చింది. దవాఖానకు తీసుకుపోతానని నాయన అడిగితే "ఒగలు పోతె అందరు పోతరు, మల్ల రారు" అన్నాడు. తోవలో మనిషిని కాపలా పెట్టాడు. పసుపు రాశాం, వేపాకు నూరి కట్టాం. మాకు తెలిసింది అంతే. ఒక పొద్దున లేపితే లేవలేదు. మట్టి తవ్విన గుంటలోనే పూడ్చారు. పూడ్చినవాళ్లు చేతులు కడుక్కుంటుండగానే మేస్త్రీ పనికి కేకేశాడు. మా అమ్మ పోయి ఇటుక అచ్చు ముందు కూర్చుంది. ఏడవలేదు. ఆ తర్వాత నాయన పోయినప్పుడు కూడా ఆమె ఏడవగా నేను చూడలేదు.

వానలకు పని ఆగినప్పుడు మేం అక్కడినుంచి పారిపోయాం. మిగతాదంతా అందరి కథలాంటిదే. నేను ఏసీల పని నేర్చుకున్నాను, పెళ్లైంది, పిల్లలు పుట్టారు, సౌదీ వచ్చాను. ఇప్పుడు చెప్పండి, అంత దూరం వచ్చి, అదే మనిషి పక్క మంచం మీద పడుకుని గురక పెడుతుంటే నేనేం చేయాలి?

అతను నన్ను గుర్తుపట్టలేదు. ఎందుకు పడతాడు, అతని చేతికింద అలాంటి పిల్లలు ఒకరా ఇద్దరా! గదిలో అందరూ అతన్ని కాక అని పిలిచేవారు. నేను ఓయ్ అని కూడా పిలవలేదు. మాకు వంట వంతులవారీగా ఉంటుంది. అతని వంతు వచ్చిన రోజు నేను బయట తిని వచ్చేవాణ్ని. "ఏందన్నా, కాక వంట నచ్చుతలేదా?" అని కుర్రకారు వేళాకోళం చేస్తే కసురుకునేవాణ్ని. నాకు కోపం ముక్కుమీద ఉంటుందని తెలుసు కాబట్టి వాళ్లు తగ్గేవారు.

ఎన్నాళ్లని మింగుతాను? ఒక శుక్రవారం పనిలేక అందరం గదిలోనే ఉన్నాం. మాతో హైదరాబాద్ పాతబస్తీ నుంచి వచ్చిన డ్రైవర్ ఒకాయన ఉండేవాడు, మా అందరిలోకీ నెమ్మదస్తుడు. ఆయన పొయ్యి మీద చాయ్ పెట్టాడు. ముసలాయన మంచం మీద బాసింపట్టు వేసుకుని పాత రోజుల ముచ్చట తీశాడు.

"నా బట్టీల ఇటుకంటె ఇటుకనే. పిల్లలు గూడ ఎంత పద్దతిల ఉందురో. ఒక్క ఇటుక గూడ పలుగకపోతుండె."

"పలిగినయ్," అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. నేను లేచి నిలబడ్డాను.

"నా చెల్లె కింద వడితె పలిగినయ్. దాన్ని బట్టీ మీదికెక్కిచ్చినవ్. యాదికున్నదా? లేకపోతె యాది జెయ్యాల్నా?"

డ్రైవర్ పొయ్యి ఆపేశాడు. ముసలాయన నా ముఖం వంక చూసి చూసి, "మీ నాయన... కాలు గుంజుకుంట నడుస్తుండె, ఆయన కొడుకువా?" అన్నాడు. ఔనన్నాను. చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పోయాడు.

ఆ రోజు నుంచి అతను నా వెంట పడ్డాడు. నీళ్లు పట్టుకునే చోటికి వస్తాడు, బండి ఎక్కే చోటికి వస్తాడు. "జెర ఇను కొడుకా," అంటాడు. "నన్ను కొడుకా అనకు. నా మొఖం ముందట నిలవడకు," అనేవాణ్ని. చేతులు జోడించి పక్కకు జరిగేవాడు. ఆ జోడించిన చేతులు చూస్తే మా నాయన జోడించిన చేతులు గుర్తొచ్చి ఇంకా మండేది.

ఒకరోజు డ్రైవర్ నన్ను పక్కకు పిలిచాడు. "మాఫ్ జెయ్ అని నేన్ చెప్తలేను మియా. ఇంత బోజ ఎత్తుకోని ఎట్ల తిరుగుతున్నవ్? జెర కింద వెట్టు, అంతే," అన్నాడు. "నీ బిడ్డనైతె గిట్లనే అంటవా భాయ్?" అన్నాను. మంచి మనిషిని నొప్పించానే అని ఆ రోజంతా నాకు బాధగానే ఉంది.

ఎండలు ముదురుతుండగా ఇంటినుంచి ముసలాయనకు ఫోన్ వచ్చింది. చిన్నబిడ్డ కాన్పులో పోయింది. పసిగుడ్డు బతికింది, తల్లి దక్కలేదు. అతను పోవడానికి లేదు. ఇక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు గడువు దాటిపోయి ఉంది, పనిలో పెట్టుకున్న కఫీల్ వచ్చి కాగితాలు సరిచేస్తే తప్ప కదలడానికి వీల్లేదు, ఆ కఫీల్ ఊళ్లోనే లేడు. బిడ్డ చితికి నిప్పు పెట్టడం ఫోన్‌లో చూశాడు. గోడకు ఆనుకుని, ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని, "మొఖం మీది బట్ట తియ్యున్రి, ఒక్కసారి తియ్యున్రి," అని అరిచాడు. మావాళ్లంతా ఏడ్చారు. నేను మంచైంది అనుకున్నాను. అబద్ధం ఎందుకు చెప్పాలి, అనుకున్నాను.

మూడోనాడు మా దిక్కు పిట్టకు పెడతారు. చనిపోయినవాళ్లు ఇష్టంగా తినేవి వండి బయట పెడితే పిట్ట వచ్చి ముట్టాలి. ముట్టిందంటే పోయిన మనిషి తృప్తిపడినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో మిగిలిపోయినట్టు. అప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరే ముందుకు వచ్చి, నీ పిల్లలను మేం సాదుతం, నీ మాట నిలబెడతం అని చెప్తారు. పిట్ట ముట్టేదాకా వాళ్లకు అన్నం లేదు. ఊళ్లో అతని ఇంట్లో పెట్టారు, ముట్టింది కూడా. అయినా నా చేతిది నా బిడ్డ తినాలె అని పట్టుబట్టి ముసలాయన ఇక్కడ కూడా వండాడు. కోడికూర, గుడ్డు, కూర కలిపిన అన్నం పళ్లెంలో పెట్టి మిద్దె మీద ఉంచాడు. శుక్రవారమే కలిసొచ్చింది, అందరం సెలవు మీద ఉన్నాం. నన్నెవరూ పిలవలేదు. నా అంతట నేనే మిద్దెకు పోయి నీళ్ల ట్యాంకు పక్కన నీడలో కూర్చున్నాను. అతని అవస్థ చూడాలనే పోయాను.

పొద్దెక్కింది. పావురాలు వచ్చి గోడ మీద వాలాయి, పళ్లెం చుట్టూ తిరిగాయి, మెడలు తిప్పి చూసి పోయాయి. మావాళ్లు ఒక్కొక్కరే పళ్లెం ముందుకు పోయి దండం పెట్టారు. "నీ కొడుకు మంచిగున్నడు చెల్లే, రంది వెట్టుకోకు," అన్నారు. "కాకను మేం సూస్కుంటం," అన్నారు. పిట్ట ముట్టలేదు. ముసలాయన చెప్పుల్లేకుండా ఎండలో నిలబడి, "తిను బిడ్డా, నేన్ రాకపోతినని అలిగినవా?" అని బతిమాలుతున్నాడు. నిలబడలేక ఒక కాలు తర్వాత ఒక కాలు ఎత్తుతున్నాడు. డ్రైవర్ నీళ్లు తెచ్చిస్తే ముట్టలేదు.

పిట్ట ఎందుకు ముట్టడంలేదో నాకు తెలుసు. ఏసీల బయటి పెట్టెల్లోంచి గూళ్లు తీసి తీసి పావురాల సంగతి నాకు బాగా తెలుసు. వాటికి ఎండు గింజలు కావాలి. ఊళ్లో అయితే కాకులుంటాయి, మాంసం మెతుకు చూస్తే వాలిపోతాయి. మా క్యాంపు చుట్టుపక్కల నేను కాకిని చూసిందే లేదు. మావాళ్లంతా ఊరి పద్ధతిలో కాకికి వండి, ఎర్రటి మసాలా అన్నం తీసుకొచ్చి పావురాల ముందు పెట్టారు. ఒక్క మాట చెప్తే సరిపోయేది. నేను చెప్పలేదు. నిలబడు, కాళ్లు కాలనీ, నీకూ తెలియాలి అనుకుంటూ కూర్చున్నాను. చెప్పొద్దూ, మా చెల్లె పోయిన తర్వాత నాకు అంత హాయిగా ఎప్పుడూ లేదు.

అప్పుడు ముసలాయన నా వైపు తిరిగాడు. అందరూ వింటుండగా అన్నాడు: "ఇది ముట్టది. నాకెరుకే. నీ చెల్లె ముట్టనిస్తలేదు. పావురాలను ఆ పిల్లనే కొడుతున్నది. నా బిడ్డ నోటికాడి బుక్క ఆ పిల్ల గుంజుకుంటున్నది."

ఎట్లా లేచానో, అతని మెడ మీది తువ్వాల ఎట్లా పట్టుకున్నానో తెలియదు.

"ఏమన్నవ్? నా చెల్లెనా? తన బువ్వ కుక్కపిల్లకు వెట్టి ఉపాసముండేది రా నా చెల్లె! అది ఒగల బుక్క గుంజుకుంటదా? సంపింది సాలక దయ్యాన్ని గూడ జేస్తవా దాన్ని?"

డ్రైవర్ నన్ను వెనక్కు లాగాడు. విదిలించుకుని మెట్లు దిగాను. రోడ్డు పక్క పావురాలకు వేయడానికి ఆయన కొనిపెట్టుకున్న సజ్జల సంచి మెట్ల కింద ఉంటుంది. అది భుజాన వేసుకుని మళ్లీ పైకి వచ్చాను. కూర పళ్లెం తీసి పక్కకు పెట్టాను. రెండు దోసిళ్ల సజ్జలు ఆ చోట చల్లి, అతని బిడ్డను పేరుపెట్టి పిలిచి, "తిను తల్లీ, నిన్నెవ్వలు ఆపుతలేరు," అన్నాను. తిట్టినట్టే అన్నాను, గొంతు ఇంకా దిగలేదు.

అందరం వెనక్కు జరిగాం. ముందు ఒక పావురం దిగింది. దాని వెనక మరికొన్ని దిగాయి. తర్వాత చుట్టుపక్కల మిద్దెల మీదివన్నీ వచ్చి పడ్డాయి. మావాళ్లు "ముట్టింది, ముట్టింది" అని ఏడుస్తూ అరిచారు. ఇక కిందికి పోయి తినొచ్చు అని ముసలాయనను రెక్క పట్టుకున్నారు. అతను కదల్లేదు. కాలే మిద్దె మీద కూలబడి నన్నే చూస్తున్నాడు.

"ఆ పిల్ల పేరేంది?" అని అడిగాడు.

బట్టీలో మా చెల్లెను అతను 'ఏయ్ పొట్టీ' అని తప్ప పిలవలేదు. ఇన్నేళ్లూ మా ఇంట్లో కూడా మేం ఆ పేరు పైకి అనలేదు, అంటే అమ్మ లేచి బయటికి పోతుందని. చెప్పాను. చెప్తుంటే నా నోటికే అది కొత్తగా ఉంది. అతను సంచిలోంచి సజ్జలు తీసి, లేచి, మిద్దె అవతలి మూలకు పోయాడు. ఆ గింజలు కింద పోసి, నా చెల్లెను పేరుపెట్టి పిలిచాడు. "అవ్వా, తినవ్వా. నీ కాళ్లు కాల్చినోన్ని నేనే. నీకు దవాఖాన లేకుంట జేసినోన్ని నేనే. తిను తల్లీ," అన్నాడు. మోకాళ్ల మీద వంగి, తల నేలకు ఆనించి అట్లాగే ఉన్నాడు. మా చెల్లెకు పిట్టకు పెట్టడం అదే మొదలు. గుంటలో పూడ్చిన పిల్లకు మూడోనాడు ఏంటి, ఏడోనాడు ఏంటి!

పావురాలు అటు కూడా పోయాయి. నేను చూస్తూ నిలబడ్డాను. నా ఏడుపు నాకే వినిపించింది, పెద్దగా, పిల్లాడి ఏడుపు. చాలాసేపటికి అతని దగ్గరికి పోయి భుజం పట్టి లేపాను.

"లే. కిందికి పోయి తిను. నీ మీద నాకిగ ఏం లేదు," అన్నాను.

ఎందుకన్నానని తర్వాత చాలాసార్లు నన్ను నేను అడిగాను. అతను చేసింది తక్కువేమీ కాలేదు. అతను మంచివాడైపోయాడని కూడా నేను అనుకోలేదు. అతని బిడ్డ పోయినందుకు నా చెల్లె లెక్క తీరిపోయిందా అంటే, ఛీ, అదేం మాట! నాకు తోచింది ఒకటే. ఇన్నేళ్లూ కళ్లు మూసుకుంటే నా చెల్లె ఆ బట్టీ మీదే నిలబడి ఉండేది. అతన్ని మరిచిపోకూడదని నేనే ఆమెను అక్కడ నిలబెట్టి ఉంచాను. ఆమెను దించుకోవాలనిపించింది, అంతే. అతనితో స్నేహం చేయలేదు. కాక అని పిలవలేదు. అతని వంతు రోజు వండింది మాత్రం ఆ తర్వాత గదిలోనే కూర్చుని తిన్నాను. కొన్నాళ్లకు కఫీల్ వచ్చి కాగితాలు సరిచేశాడు, అతను మనవణ్ని చూసుకోవడానికి ఇంటికి పోయాడు.

కష్టమంతా మా అమ్మ దగ్గర వచ్చింది. మేం ఆమెను అవ్వ అని పిలుస్తాం. ఫోన్‌లో అంతా చెప్పాను, దాచలేదు. చివరిదాకా విన్నది.

"నువ్వెవనివిరా మాఫ్ జెయ్యడానికి?" అన్నది. "మోసింది నేను, కన్నది నేను. నీ చెల్లెనైతె నువ్వు మాఫ్ జేసుకో. నా బిడ్డను సంపినోన్ని నేన్ జెయ్య. సచ్చేదాక జెయ్య."

ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత నేను చేసినప్పుడల్లా నా భార్యకు ఇచ్చి పక్కకు పోయేది. ఒకపక్క కోపం వచ్చేది నాకు, ఇంకోపక్క ఆమె అన్నదాంట్లో తప్పేముందనిపించేది. నా వంతు నేను వదులుకున్నాను, ఆమె వంతు వదలమనడానికి నేనెవణ్ని? మాఫ్ చేయమని మళ్లీ ఎప్పుడూ అడగలేదు. రంజాన్ వచ్చింది, పోయింది. డ్రైవర్ రోజూ "అమ్మీ మాట్లాడిందా?" అని అడిగేవాడు. లేదు భాయ్ అనేవాణ్ని.

ఒకరోజు పనిమీద ఎవరింటి మిద్దెమీదో ఉండగా ఇంటినుంచి ఫోన్ మోగింది. భార్య అనుకున్నాను. అమ్మ. ఎట్లున్నవ్, తిన్నవా, ఏమీ లేదు.

"వాన్ని నేన్ మాఫ్ జెయ్యలే, అది యాదికి పెట్టుకో," అన్నది.

"సరే అవ్వా."

పెట్టేసిందేమో అనుకున్నాను.

"ఆ దినం పిల్లకు పెట్టిన్రు గదా," అన్నది. "ముట్టిందారా?"

"ముట్టిందవ్వా."

"కడుపునిండ తిన్నదా నా బిడ్డ?"

"తిన్నదవ్వా. ఒక్క గింజ మిగిలియ్యలే."

చేతిలో పానా కింద పెట్టి ఫోన్ చెవికి అదుముకున్నాను. అవతల మా అమ్మ ఏడుస్తోంది.